ఇంట్లో ఎవరుంటారు

"నిటారుగా నిలబడండమ్మా," అంది ఎక్స్‌రే తీసే అమ్మాయి.

కొలతలక్క అప్పటికే నిటారుగా నిలబడి ఉంది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి, ఎందుకులే అనుకుని, ఎడమ మడమ అంగుళం పైకెత్తింది. అలా ఎత్తితే భుజాలు రెండూ ఇంచుమించు ఒక వరసలోకి వస్తాయి. బస్సులో, ఫొటోల్లో, కొత్తవాళ్ళ ముందు ఆమె ఎప్పుడూ చేసే పనే అది. గాజు పలక వెనకనుంచి అమ్మాయి తల బయటపెట్టింది.

"మడమ ఎత్తకండి. ఉన్నది ఉన్నట్టు రావాలి."

ఉన్నది ఉన్నట్టు నిలబడింది. మిషను గుర్రుమని ఆగింది.

కాసేపటికి ఆ ఉన్నదంతా డాక్టరు గదిలో, గోడకి బిగించిన తెల్లటి వెలుతురు మీదికి ఎక్కింది. పక్కనే ఎనిమిదేళ్ళ కిందటి ఫిల్ము. పాతదాంట్లో వెన్నెముక ఎవరో పిలిస్తే పక్కకి తిరిగి చూసినట్టుంది. కొత్తదాంట్లో ఆ పిలిచిన వాళ్ళ వెంట వెళ్ళిపోతున్నట్టుంది.

"అప్పుడు వంపు నలభై నాలుగు డిగ్రీలు. ఇప్పుడు యాభై తొమ్మిది," అన్నాడు డాక్టరు. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంటాడాయన. "మీరేం పని చేస్తారు?"

"బూట్ల షాపులోనండీ. పాదాలు కొలిచి, తొడిగి చూపిస్తాను. అందరూ కొలతలక్క అంటారు."

"వంగాల్సి వస్తుందా?"

"చిన్న పీట ఉంది. దానిమీద కూర్చుంటాను. లేకపోతే మోకాళ్ళ మీద."

"రోజుకి ఎన్నిసార్లు?"

షాపులో చేరిన ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనని తాను అడగలేదు. "ఎంతమంది వస్తే అన్నిసార్లు," అంది.

"ఆగకుండా ఎంత దూరం నడవగలరు?"

"బస్సు దిగాక షాపు నాలుగు సందుల అవతల. మధ్యలో రెండుసార్లు ఆగుతాను. అద్దాల్లో పెట్టిన బట్టలు చూస్తున్నట్టు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కొత్త ఫిల్ము మీద వేలితో భుజాల కిందనుంచి తుంటి ఎముక దాకా రెండు గీతలు గీశాడు. ఇక్కడినుంచి ఇక్కడికి రెండు కడ్డీలు, పొడుగునా మరలు. ఏడాది తిరిగేసరికి ఆ ఎముకలన్నీ అతుక్కుని ఒకే ఎముక అవుతాయి. వంపు పెరగడం ఆగిపోతుంది. నరం మీద ఒత్తిడి పోతుంది గనక కాలు లాగడం తగ్గుతుందని గట్టిగా చెప్పగలడు. నడుం నొప్పి సంగతి అంత గట్టిగా చెప్పలేడు. చేయించుకున్న నలుగురైదుగురిలో ఒకరికి మళ్ళీ కత్తి పెట్టాల్సి రావచ్చు. ఇక నడుం దగ్గర వంగడమంటూ ఉండదు.

"కొన్నాళ్ళా?"

"ఎప్పటికీ."

"చేయించుకోకపోతే?"

"ప్రాణానికేం కాదు. కాకపోతే అది ఆగేది కాదు. ఇవాళ నాలుగు సందులకి రెండుసార్లు ఆగుతున్నారు. ఇంకో అయిదేళ్ళకి నాలుగు సందులూ ఉండవు." పెన్ను మళ్ళీ తీసుకున్నాడు. "వచ్చే నెల పదిహేడున చేయించుకోవాల్సిన ఒకాయన మానుకున్నాడు. శుక్రవారంలోగా చెప్పండి. లేకపోతే వచ్చే ఏడాదే. నా మాట మీదే వెళ్ళకండి. చేయించుకున్న ఒకావిడ నంబరిస్తాను, లెక్కల టీచరు. ఆవిడ ఏదీ దాచుకోదు."

బయట కౌంటరులో ఆవిడ, కళ్ళజోడు గొలుసుతో మెడకి వేలాడేసుకుని, నాలుగు పేజీల కాగితం ఇచ్చింది. వయసు నలభై ఏడు. బరువు. పాత జబ్బులు లేవు. మూడో పేజీ అడుగున ఒక గీత: ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఇంట్లో తోడుండే మనిషి పేరు. దాని పక్కన ఇంకో చిన్న గీత: బంధుత్వం.

"ఇంట్లో ఎవరుంటారు?" అంది కౌంటరావిడ.

"నింపి తెస్తానండీ," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది కొలతలక్క.

*

సాయంత్రం అన్నయ్యకి ఫోను చేసింది. అన్నయ్య కారు నడపడం నేర్పుతాడు. నేర్చుకునేవాడి కాలు బ్రేకు మీదే ఉన్నా, తన వైపున్న రెండో బ్రేకు మీద తన కాలు కూడా ఆనించి ఉంచే మనిషి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క గీత కూడా పడలేదు ఆయన బండికి.

"రెండు కడ్డీలా?" అన్నాడు అన్నయ్య.

"ఆఁ."

"ఎన్ని గంటల ఆపరేషను?"

"ఏడెనిమిది అవుతుందట."

అటునుంచి టీవీ చప్పుడు, దానికి అడ్డంగా వదిన వాళ్ళమ్మ దగ్గు వినిపించాయి. రెండేళ్ళుగా ఆవిడ మంచం ముందుగదిలోనే ఉంది. తలుపు పూర్తిగా తెరుచుకోదు, మంచం కోడు తగులుతుంది. వచ్చినవాళ్ళు పక్కకి తిరిగి లోపలికి దూరాలి.

"నువ్వేమనుకుంటున్నావు చిన్నీ?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"ఆలోచించుకో. ఇంతకాలం లాక్కొచ్చావు. తొందరేముంది?"

"శుక్రవారంలోగా చెప్పాలి."

"ఆఁ, ఆఁ. చెబుదువుగానిలే."

మూడో పేజీలో ఉన్న గీత సంగతి ఆమె చెప్పలేదు. ఆపరేషనయ్యాక ఎక్కడుంటావని ఆయన అడగలేదు. వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడుకుని ఇద్దరూ ఒకరికంటే ఒకరు ముందుగా ఫోను పెట్టేశారు.

ఆ కాగితాన్ని ఆమె బల్ల మీద పరిచింది. తోడుండే మనిషి. పక్క వాటాలో ఉండే నర్సు విద్యార్థినులు ఇద్దరూ ప్రతి ఆర్నెల్లకీ మారిపోతారు. ఇప్పుడున్న వాళ్ళ పేర్లు కూడా సరిగా తెలియవు. స్కూలు స్నేహితురాలు ఒకామె ఉంది, కలిసి నాలుగేళ్ళయింది. షాపులో బిల్లులు వేసే అమ్మాయి మంచిదే, చంకలో ఏడాది పిల్ల. పెన్ను మూత తీసింది. డాక్టరులా మళ్ళీ పెట్టింది. ఒక పేరు కోసం ఇంత వెతుక్కోవాల్సి వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. వెతకనంతకాలం ఎవరో ఒకరు ఉన్నట్టే ఉంటుంది.

*

బుధవారం పొద్దున షాపుకి వెళ్ళేసరికి పీట లేదు.

జానెడు ఎత్తు చెక్కపీట అది. కస్టమర్ల కుర్చీల వరస చివర, ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. పొద్దున రాగానే సంచి లోపల పెట్టి, పాదం కొలిచే ఇత్తడి పలకని గుడ్డతో తుడిచి, ఆ పీట మీద ఒకసారి కూర్చుని లేవడం ఆమెకి అలవాటు. నడుం ఆ రోజు ఎంతవరకు మాట వింటుందో అప్పుడే తేలిపోతుంది.

"అక్కా, మీకు పైన ఏర్పాటు చేశాం," అన్నాడు మేనేజరు. ఆయన వచ్చి రెండు నెలలే అయింది. నవ్వుతూ మాట్లాడతాడు, మాట్లాడుతూ ఎదుటివాళ్ళని నడిపించేస్తాడు. మాట పూర్తయ్యేసరికి ఇద్దరూ మేడమెట్ల దగ్గర ఉన్నారు.

పైన సరుకు గది. నేలనుంచి కప్పు దాకా అట్టపెట్టెలు, మధ్యలో ఒక బల్ల, చక్రాల కుర్చీ, సైజు చీటీలు అంటించే మిషను. పీట కూడా అక్కడే ఉంది, కాళ్ళు పెట్టుకోవడానికన్నట్టు బల్ల కింద.

"నేనేమైనా తప్పు చేశానా?"

"అయ్యో, అదేం మాటక్కా! మీ ఆరోగ్యం కోసమే. హాయిగా కూర్చుని చేసుకోవచ్చు. వంగే పనే లేదు."

వంగే పని లేదు. పెట్టె తీసుకోవడం, చీటీ అంటించడం, ఇటు పెట్టడం. పెట్టె మూత తీస్తే కొత్త తోలు వాసన, పల్చటి కాగితం గలగల. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది. గంట గడిచింది. మెట్ల మీదుగా కింది మాటలు పైకి వస్తూనే ఉన్నాయి.

"కొలతలక్క లేదా?" ఆ గొంతు ఉత్తరాలు పంచే ఆవిడది. కుడికాలి బొటనవేలు పక్కన ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది. ఆవిడకి బూటు తొడగాలంటే ముందు ఎముక దగ్గర తోలుని రెండు బొటనవేళ్ళతో రుద్ది మెత్తబరచాలి.

"ఆవిడ ఇప్పుడు రావడం లేదండీ. నేను చూపిస్తాను, కూర్చోండి," అంది కొత్తగా చేరిన అమ్మాయి.

కొలతలక్క చేతిలో మిషనుతో లేచి నిలబడింది. రెండు మెట్లు దిగింది కూడా. అక్కడినుంచి కుర్చీల వరస, అమ్మాయి వీపు కనిపిస్తున్నాయి. అమ్మాయి ఆవిడని కూర్చోబెట్టే పాదం కొలుస్తోంది. నిలబెట్టి కొలవాలి. ఒంటి బరువు పడితే పాదం అర అంగుళం పరుచుకుంటుంది. రెండు పాదాలూ కొలవాలి, పెద్దదానికి కొనాలి. ఈ మూడు ముక్కలూ చెప్పడానికి మెట్లు దిగితే చాలు. కానీ రావడం లేదన్న మనిషి మెట్ల మీదనుంచి ఊడిపడితే ఆ పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? ఆమె వెనక్కి తిరిగింది. ఉత్తరాలావిడ వేళ్ళు నొక్కుకుపోయే జత కొనుక్కుని వెళ్ళిపోవడం చెవులతోనే చూసింది.

నా వంకర కస్టమర్లకి కనిపించకూడదనుకున్నారన్నమాట, అనుకుంది. అనుకోగానే అది నిజమైపోయింది. మధ్యాహ్నం భోజనం కూడా పైకే తెచ్చుకుని, పెట్టెల మధ్య తింది.

*

సాయంత్రం లెక్కల టీచరు ఇంటికి వెళ్ళింది. భర్త తలుపు తీశాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో తడి గుడ్డ.

లెక్కల టీచరు లోపలినుంచి నడిచొచ్చింది. తల, మెడ, నడుం, అన్నీ ఒకేసారి వచ్చాయి.

"బీరువా నడిచొచ్చినట్టుంది కదూ? మా ఆయన అదే అంటాడు. కూర్చో. నిన్ను నువ్వనే అంటాను, మన ఎముకలు చుట్టాలు."

గదిలో వస్తువులన్నీ నడుముకీ గుండెకీ మధ్య ఎత్తులోనే ఉన్నాయి. అలమారలో కింది అరలన్నీ ఖాళీ. తలుపు పక్కన గోడకి ఒక పొడవాటి పట్టకారు వేలాడుతోంది, కింద పడ్డవి తీసుకోవడానికి.

"ఏం అడగాలో అడుగు. డాక్టరు చెప్పినవి వద్దు."

కొలతలక్క బస్సులో నాలుగు ప్రశ్నలు వరసగా పెట్టుకుంది. ఒక్కటే నోటికొచ్చింది. "నొప్పి పోయిందాండీ?"

"పోలేదు, ఇల్లు మారింది. ఇదివరకు ఇక్కడుండేది, ఇప్పుడు ఇక్కడ. కానీ కాలులో లాగేది చూశావూ, దాన్ని మాత్రం ఆపరేషను బల్ల మీదే వదిలేసి వచ్చాను. రోజూ గంట నడుస్తాను. నాలుగేళ్ళ కిందట ఈ గుమ్మం దాకా వస్తే గొప్ప." ఆవిడ ఒకసారి వంటగది వైపు చూసి గొంతు తగ్గించింది. "మొదటి మూడు నెలలూ ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చాను. మరుగుదొడ్డికి వెళ్తే కడుక్కోవడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. ఇది నీకెవరూ చెప్పరు. పక్క మీదనుంచి లేపితే లేవాలి, తిప్పితే తిరగాలి. ఇక కాలిగోళ్ళంటావా, అవి నాకిప్పుడు దూరపు బంధువులు. ఫలానా చోట ఉన్నారని తెలుసు, రాకపోకల్లేవు."

ముగ్గురూ నవ్వారు. భర్త ఎప్పుడొచ్చి నిలబడ్డాడో కొలతలక్క చూడలేదు.

"మీకు ఇంట్లో ఎవరున్నారమ్మా?" అన్నాడాయన.

"అన్నయ్య ఉన్నాడండీ," అంది. అబద్ధం కాదు. ఊళ్ళో ఉన్నాడు.

వాళ్ళు నడకకి బయల్దేరే వేళయింది. బస్టాపు దాకా తోడొస్తామన్నారు. లెక్కల టీచరు గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడ తన కొత్త హెడ్‌మాస్టరు గురించి ఏదో చెబుతూనే ఉంది. భర్త ఏ నంబరు బస్సు తొందరగా వస్తుందో కొలతలక్కకి చెబుతూనే కింద కూర్చున్నాడు. భార్య కుడిపాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని చెప్పు తొడిగి, పట్టీ లాగి, మూడో బెజ్జంలో పెట్టాడు. చూడకుండానే. తర్వాత ఎడమది. ఆవిడ మాట ఆపలేదు, ఆయన మాట ఆపలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ చేయనట్టే ఉంది అక్కడ.

కొలతలక్క చూపు తిప్పుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల పాదాల్ని తన మోకాలి మీద పెట్టుకుందో. తన పాదం ఎవరి మోకాలి మీదా ఎప్పుడూ లేదు. అది ఒక లోటని ఇప్పటిదాకా తట్టలేదు.

"మీ చెప్పులు అర సైజు పెద్దవండీ," అంది, ఏదో ఒకటి అనాలి గనక. "మడమ వెనక ఖాళీ ఉంది. తూలుతారు."

"అదీ చూశావా!" అని లెక్కల టీచరు మొగుణ్ణి చూసింది. "నేను చెబితే విన్నావా?"

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమెకి ఒక సంగతి తేటగా అర్థమయింది. ఆ ఆపరేషను ఒక మనిషికి చేసేది కాదు. ఇద్దరికి చేసేది.

*

గురువారం పొద్దున మేనేజరు తాళాలు తీస్తుండగానే పట్టుకుంది.

"నా పీట నాకు కింద కావాలి. మిగిలిన నెలా నెలన్నర అయినా, ఇంకో పదేళ్ళయినా, నేను కిందే పనిచేస్తాను. నేను కనిపిస్తే బేరాలు పోతాయనుకుంటే ఆ మాట మొహం మీద చెప్పండి."

మేనేజరు నవ్వు మొదటిసారి దారితప్పింది. "ఎవరన్నారక్కా ఆ మాట? మీ అన్నయ్యగారే కదా... నాకు కారు నేర్పింది ఆయనే. మంగళవారం వచ్చారు. మా చెల్లికి కూర్చునే పని ఏదైనా ఇవ్వండి, వంగకుండా ఉంటే ఆపరేషను అక్కర్లేదట అన్నారు. మీకు చెప్పొద్దన్నారు, మొహమాటపడతారని. మంచికే కదా అని..."

ఆమె తల ఊపింది. మెట్లెక్కి పైకి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా చీటీలు అంటించి, ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడింది.

అన్నయ్య ఆ వేళకి ఆటస్థలం వెనక ఖాళీ మైదానంలో ఉంటాడు. ఒక నడివయసు ఆవిడ కారుని ముప్పావు చుట్టు తిప్పి, ఆగిపోయి, మళ్ళీ కదిలించి, మొత్తానికి దిగి వెళ్ళిపోయింది. కొలతలక్క ఖాళీ అయిన డ్రైవరు సీట్లో కూర్చుంది. అన్నయ్య పక్క సీట్లో, కాలు తన బ్రేకు మీద.

"మా మేనేజరుకి బాగానే నేర్పావు," అంది.

ఆయన చేతిగుడ్డతో ముందద్దం లోపలివైపు తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి అక్కడేమీ లేదు.

"చెప్పేశాడా?"

"చెప్పేశాడు."

"నాకు భయమేసింది చిన్నీ."

"నేను పోతాననా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఇద్దరికీ పరువుగా ఉండేది. ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు.

"అదీ ఉంది," అన్నాడు.

"ఇంకేముంది?"

"మా ఇంటికి వస్తానంటావేమోనని. అడగవని తెలుసు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక నన్నేదీ అడగలేదు. కానీ అడిగితే కాదనలేను. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను? వంటగదిలో మంచం వెయ్యనా? మీ వదిన ఇప్పటికే రాత్రీపగలూ ఒక మనిషిని తిప్పి పడుకోబెడుతోంది. ఆమె మొహం నేను చూడలేను." మడతపెట్టిన గుడ్డని మళ్ళీ విప్పాడు. "కూర్చునే పని దొరికితే నువ్వే వద్దనుకుంటావు కదా అని."

"బ్రేకు వేశావు."

ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. మైదానం అవతల ఎవరో పిల్లలు బంతి కోసం అరుచుకుంటున్నారు. కోపం వస్తుందని ఎదురుచూస్తూ కాసేపు కూర్చుంది. రాలేదు. కోపం తెచ్చుకోవాలంటే ఎదుటివాడు ఈ కారులో కూర్చున్నాక ఒక్క అబద్ధమైనా ఆడి ఉండాలి.

"ఆకలేస్తోందా?" అన్నాడు. "ఇంటి దగ్గర దింపనా?"

"నడుస్తాను."

దిగి నడిచింది. ఎడమ పిర్రలోంచి పిక్క దాకా కాలు లాగడం మొదలయ్యేసరికి ఒక గోడ పక్కన ఆగింది. వెనక కారు చప్పుడు వినబడింది, అది కూడా ఆగింది. ఆమె కదిలితే అది కదిలింది. నేర్చుకునేవాళ్ళ గుర్తు తగిలించుకున్న ఆ బండి మనిషి నడక వేగంతో బస్టాపు దాకా వెంట వచ్చింది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. బస్సెక్కాక మాత్రం చూసింది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, బస్సు నంబరు చదువుతున్నట్టు కళ్ళు చికిలించి, ఏదో తప్పిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

*

శుక్రవారం ఆసుపత్రికి వద్దని చెప్పడానికే వెళ్ళింది. ఫోనులో చెప్పొచ్చు. కానీ ఆ కాగితం వాళ్ళది, తిరిగి ఇచ్చేయాలనిపించింది.

కౌంటరు ముందు నలుగురు. ఆమె వెనక ఇంకొకాయన చేరాడు, చేతికర్ర, పొడుగాటి మనిషి, అరవై దగ్గర. ఆయన చేతిలోనూ నాలుగు పేజీలు. వరస కదిలింది.

"వద్దనుకుంటున్నానండీ," అంది కొలతలక్క, కాగితం లోపలికి తోస్తూ.

కౌంటరావిడ తల ఎత్తకుండానే కళ్ళజోడు పెట్టుకుని ఇంకో కాగితం తీసింది. "కారణం?"

"చెప్పాలా?"

"డాక్టరుగారు అడుగుతారు. పదిహేడో తారీకు ఖాళీ పెట్టారు కదా మీకోసం."

కారణాలు చాలానే ఉన్నాయి. పని పోతుంది. మళ్ళీ కొయ్యాల్సి రావచ్చు. ఈ వయసులో ఎందుకు. బస్సులో అవన్నీ సర్ది పెట్టుకుంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఇంట్లో ఎవరూ లేరు."

అంత పెద్దగా అనాలనుకోలేదు. ఆ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, తనతో కూడా. వెనక వరసలో ఒక దగ్గు ఆగిపోయినట్టనిపించింది. చెవులు వేడెక్కాయి.

కౌంటరావిడ కొత్త కాగితాన్ని పక్కకి పెట్టి పాతదాన్ని మూడో పేజీకి తిప్పింది. "అయితే అది ఇందులో కాదు రాయాల్సింది. ఇక్కడ."

"ఇక్కడ పేరు కదండీ రాయాలి."

"మనిషుంటే పేరు. లేకపోతే లేరని. రాయకపోతే మాకెలా తెలుస్తుంది? లేరని రాసినవాళ్ళకి వెనక బ్లాకులో మంచం ఇస్తారు, ఆరు వారాలు. నర్సులుంటారు, నడిపించేవాళ్ళుంటారు, స్నానం చేయించేవాళ్ళుంటారు." ఆవిడ గొంతులో జాలి లేదు, రోజుకి పదిసార్లు దారి చెప్పేవాళ్ళ విసుగే ఉంది. "ఒక్కళ్ళు అడగరు. ఖాళీ వదిలేస్తారు. లేకపోతే ఎవరి పేరో రాసేసి, డిశ్చార్జి రోజున ఒక్కరే టాక్సీ ఎక్కుతారు. అప్పుడు మేము పరిగెత్తాలి. చెప్పండి, కారణం ఏం రాయను?"

కొలతలక్క దగ్గర కారణం లేదు. నాలుగు రోజులు మోసుకు తిరిగినదాన్ని ఒక్క నిమిషంలో చేతిలోంచి తీసేసుకున్నారు.

"అయిదు నిమిషాలు," అంది.

"పక్కకి జరగండి."

గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. ఇప్పుడు నిజంగా తనని తాను అడగాల్సి వచ్చింది. కావాలా, వద్దా? అన్నయ్యా వదినా మేనేజరూ ఎవరూ లేకుండా, ఆమె ఒక్కతే. నడుం ఎప్పటికీ వంగదు. వంగని మనిషి పాదాలు ఎలా కొలుస్తుంది? పీట మీద కూర్చోలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నా పాదం దాకా చేయి అందదు. కళ్ళు మూసుకుని షాపు మొత్తం చూసింది: కుర్చీల వరస, నేల, ఇత్తడి పలక. పాదం నేల మీద ఉంటుంది గనక మనిషి నేలకి దిగాలి. ఇరవై రెండేళ్ళూ అంతే. పాదం ఎందుకు పైకి రాకూడదు? రెండు మెట్ల ఎత్తున ఒక అరుగు, దానిమీద కుర్చీ, ముందు పాదం ఆనించే చిన్న బల్ల. నడుమెత్తు. వచ్చినవాళ్ళు దానిమీద లేచి నిలబడితే, తనూ నిలబడే కొలవచ్చు. ముసలివాళ్ళకి మెట్లెక్కడం కష్టమంటారా, పక్కన ఒక కమ్మీ పెట్టాలి. వడ్రంగికి ఒక పూట పని. ఇంతకాలంలో ఆ కుర్చీలకి మూడుసార్లు బట్ట మార్చారు, ఎత్తు మార్చాలని ఒక్కరికీ తోచలేదు. తనకీ తోచలేదు. వంగడం తన వంతు అనుకుంది.

ఒప్పుకుంటారో లేదో. మేనేజరు నవ్వుతూ ఇంకెక్కడికైనా నడిపించేయవచ్చు. కడ్డీలు సరిగా అతకకపోవచ్చు. నలుగురైదుగురిలో ఆ ఒకరు తనే కావచ్చు. భయం ఎక్కడికీ పోలేదు. కానీ భయం, ఒంటరితనం వేరువేరు సంగతులని ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ రెంటినీ ఒకే మూటలో కట్టుకుంది.

కౌంటరు దగ్గర చేతికర్ర పెద్దమనిషి వంతు వచ్చింది.

"ఇంట్లో ఎవరుంటారు?" అంది కౌంటరావిడ.

ఆయన కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇక్కడొక పేరు రాశానండీ. కొట్టేయొచ్చా?"

"కొట్టేసి?"

"ఎవరూ లేరండీ. ఇందాక ఆవిడకి చెప్పారే, ఆ వెనక బ్లాకు. నాకూ అదే."

కౌంటరావిడ ముద్ర వేసి కూర్చోమంది. ఆయన వచ్చి బెంచీ రెండో చివర కూర్చున్నాడు, కుడి తుంటిని కాపాడుకుంటూ, ఒక పక్కకి.

"మా పక్కింటాయన పేరు రాశాను," అన్నాడాయన, ఎదురుగా ఉన్న గోడతో. "ఆయనకి చెప్పలేదు. చెబుదామన్నా ఇల్లు ఖాళీ చేసి మూడేళ్ళయింది."

కొలతలక్కకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, నడుం పట్టేసింది, ఆపుకోకుండా నవ్వింది. ఆయన కూడా, కాస్త ఆలస్యంగా.

"మీరు ముందు అనకపోతే నేను అనేవాణ్ణి కాదు," అన్నాడు. "ఆ ముక్క అనడానికి వారంనుంచి వచ్చి వెళ్తున్నాను."

సాయం చేయడమంటే వంగి చేసేదొక్కటే ఆమెకి తెలుసు. సిగ్గుతో చచ్చిపోతూ అన్న రెండు మాటలు ఇంకొకరికి పనికొస్తాయని ఎలా అనుకుంటుంది?

లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. మూడో పేజీ అడుగున గీత మీద "ఎవరూ లేరు" అని రాసింది. చేతిరాత బాగానే వచ్చింది.

"బంధుత్వం దగ్గరేం రాయను?"

"చిన్న గీత పెట్టండి చాలు." కౌంటరావిడ కాగితం తీసుకుని, కళ్ళజోడు పైనుంచి మొదటిసారి ఆమెని చూసింది. తర్వాత బెంచీ మీద ఆయన్ని చూసింది. "మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళా?"

"కాదండీ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ముద్ర పడింది. పదిహేడో తారీకుకి రెండు రోజుల ముందే వచ్చి చేరాలి. ఏమేం తెచ్చుకోవాలో ఇంకో చీటీ ఇచ్చారు. కొలతలక్క దాన్ని చదువుకుంటూ బెంచీ పక్కగా వస్తుంటే ఆ పెద్దమనిషి, కర్ర మీద గడ్డం ఆనించి, "మీదెప్పుడండీ?" అన్నాడు.

"వచ్చే నెల పదిహేడు."

"నాది ఆపై నెల మూడు."

పదిహేడునుంచి ఆరు వారాలు. మూడోతారీకునుంచి ఆరు వారాలు. ఇద్దరూ మనసులో లెక్క వేసుకున్నారు గానీ, ఎన్ని వారాలు కలుస్తాయో ఎవరూ పైకి చెప్పలేదు. ఆమె తల పంకించింది. ఆయన కర్ర కొంచెం పైకెత్తాడు. షాపు తెరిచే వేళ దాటిపోతోందని ఆమె బయల్దేరింది. వడ్రంగికి చెప్పాల్సిన ఎత్తు ఎంతో, ఒక చెయ్యి నడుం దగ్గర పెట్టుకుని కొలుచుకుంటూ.